కాయితాలు మా దగ్గరే ఉంటాయండి

మనిషి మొహం మీద "లేదు" అని చెప్పడం నాకు చేతకాదు. దీన్ని చాలాకాలం నా మంచితనం అనుకున్నాను. మా భీమవరం వైపు మర్యాదలు ఇలాగే ఏడుస్తాయి. ఎవరింట్లోనైనా భోజనానికి ఉండమంటే ఇష్టం లేదని చెప్పం, ఇప్పుడే తిని వచ్చామంటాం. పెళ్ళిసంబంధం నచ్చకపోతే నచ్చలేదనం. పెట్టిన పెసరట్లు తిని, "ఇంటికెళ్ళి కబురు చేస్తామండి" అని కారెక్కుతాం. ఆ కబురు ఎప్పటికీ రాదు. రాకపోవడమే జవాబని ఎదుటివాళ్ళు అర్థం చేసుకోవాలి.

మా అమ్మాయి శ్రీసత్యకి వచ్చిన మొదటి సంబంధం వాళ్ళు అలాగే వెళ్ళిపోయారు. నెల్లాళ్ళపాటు ఫోను మోగినప్పుడల్లా మా ఆవిడ తడిచెయ్యి కొంగుకి తుడుచుకుంటూ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చేది. "నచ్చలేదని ఒక్క ముక్క చెబితే వీళ్ళ నోట్లో ముత్యాలు రాలిపోతాయా" అని అరుగు మీద కూర్చుని వాళ్ళని నోటికొచ్చినట్టు తిట్టిపోశాను. తర్వాత అమ్మాయికి మంచి సంబంధమే కుదిరింది. ఆ తిట్లన్నీ ఒకరోజు నాకే తగులుతాయని అప్పుడు నాకు తెలియదు.

నా పేరు భద్రిరాజు. కాకినాడ దగ్గర రొయ్యలు ఎగుమతి చేసే ఒక కంపెనీలో పన్నెండేళ్ళుగా ఆఫీసు మేనేజర్ని. చెరువుల నుంచి వచ్చిన రొయ్యల్ని ఒలిపించి, కడిగించి, గడ్డ కట్టించి, పెట్టెల్లో సర్ది ఓడ ఎక్కించడం మా కంపెనీ పని. ఎండీ రవితేజ మా పెదనాన్న మనవడు. నన్ను బాబాయి గారంటాడు. ఉద్యోగాలకి మనుషుల్ని పిలవడం, చూడడం, తీసుకోవడం అంతా నా చేతి మీదుగానే జరుగుతుంది.

మూడేళ్ళ కిందట మా ల్యాబుకి ఎంచుకున్న ఇద్దరు కుర్రాళ్ళు, సోమవారం చేరతామని చెప్పి ఆ సోమవారానికి పక్క కంపెనీలో తేలారు. రవితేజకి ఒళ్ళు మండిపోయింది. "ఇకనుంచి నచ్చినవాళ్ళ ఒరిజినల్స్ మన దగ్గర పెట్టించేసుకోండి బాబాయి గారూ. కాయితాలు మన సొరుగులో ఉంటే మనిషి ఎక్కడికి పోతాడు?" అన్నాడు. నాకూ సబబుగానే తోచింది. ఇద్దరు కావాలంటే ఐదుగురి సర్టిఫికెట్లు ఉంచేసుకోవడం అప్పట్నుంచీ మా పద్ధతైపోయింది. ఇది తప్పని నాకెవరూ చెప్పలేదు. చెబితే విని ఉండేవాణ్ణని కూడా అనుకోను.

నిరుడు జూన్ రెండో వారంలో ల్యాబులో రెండు ఖాళీలకి ఇంటర్వ్యూలు పెట్టాం. రొయ్యల్లో మందుల అవశేషాలు ఉన్నాయో లేదో పరీక్ష చేసే ఉద్యోగం. నలభైమందికి పైగా వచ్చారు. వాళ్ళలో నాగదుర్గ ఒకమ్మాయి. ఉప్పాడ నుంచి వచ్చింది. మైక్రోబయాలజీతో డిగ్రీ చేసింది. వేటకెళ్ళే కుటుంబం. తండ్రి త్రిమూర్తులు హార్బరులో వేరేవాళ్ళ బోటు మీద కళాసీ.

"ఓడ రేవులో నిలబడి ఉంది. సరుకు పరీక్షలో తప్పింది. నేను ఫోన్ చేసి పాసని రాయమన్నాను. ఏం చేస్తావు?" అని రవితేజ అడిగాడు. ఇది వాడు అందరినీ అడిగే ప్రశ్న. మిగతావాళ్ళు నీళ్ళు నమిలారు.

"ఇంకోసారి చేసి చూస్తానండి. మళ్ళీ తప్పితే తప్పిందనే రాస్తానండి. మీరు వేరే సరుకు చూసుకోవాలి కాబట్టి ముందే ఫోన్ చేసి చెప్పేస్తానండి" అంది ఆ అమ్మాయి.

రవితేజ నవ్వాడు. ఆ అమ్మాయి వెళ్ళాక, "గట్టి పిల్లే, మూడో నంబరు వెయ్యండి" అన్నాడు. మొదటివాడికి అనుభవం ఉంది. రెండోవాడు మాకు ఏటా రొయ్యలు పోసే రైతుగారి మేనల్లుడు. అర్హత చూసుకుంటే ఆ అమ్మాయిది రెండో స్థానమేనని నాకూ తెలుసు, వాడికీ తెలుసు. ఇద్దరం పైకి అనలేదు.

ఒరిజినల్స్ తీసుకుని ఆకుపచ్చ ఫైల్లో పెట్టి, నాగదుర్గతోపాటు గేటుదాకా మాట్లాడుతూ వచ్చాను. త్రిమూర్తులు సైకిల్ స్టాండు కింద నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, చేతిలో చెప్పుల జత. సిమెంటు గచ్చు మీద మట్టి అంటుతుందని కాబోలు విప్పేశాడు. నన్ను చూసి నమస్కారం పెట్టాడు.

"పిల్ల కాయితాలు తమరే ఉంచుకుంటారాండి?" అన్నాడు.

"మా దగ్గరే ఉంటాయండి. భద్రంగా ఉంటాయి. కబురు చేస్తాం."

"చాలండి. ఇంక మాకు దిగుల్లేదండి" అని కూతురి తల మీద చెయ్యి వేశాడు. ఆ మొహంలో అంత వెలుగెందుకు వచ్చిందో నాకర్థం కాలేదు. ఏదో అమాయకుడు అనుకుని లోపలికి వచ్చేశాను. దేనికి చాలన్నాడో ఒక్క మాట అడిగి ఉంటే ఈ కథ లేదు.

జులై ఒకటిన ఇద్దరు కుర్రాళ్ళూ చేరారు. మిగిలిన మూడు ఫైళ్ళు ఏం చెయ్యమంటావని రవితేజని అడిగాను. "ఉండనివ్వండి బాబాయి గారూ, ఎవడైనా జారిపోతే పనికొస్తాయి" అన్నాడు. మూడింటినీ నా బల్ల కింది సొరుగులో పెట్టాను. ఆ ముగ్గురిలో ఇద్దరు రెండు వారాలు చూసి, వాళ్ళంతట వాళ్ళే వచ్చి, గేటు దగ్గర గోలచేసి తమ కాయితాలు పట్టుకుపోయారు. నోరున్నవాళ్ళు. ఆకుపచ్చ ఫైలు కోసం మాత్రం ఎవరూ రాలేదు. ఆ అమ్మాయికి ఎక్కడో ఉద్యోగం వచ్చేసి ఉంటుందనుకున్నాను. సర్టిఫికెట్లు నా సొరుగులో పెట్టుకుని ఆ అమ్మాయికి ఉద్యోగం ఎలా వస్తుందనుకున్నానో నన్నడక్కండి.

సెప్టెంబర్లో ఫోన్ వచ్చింది. ఆడిటర్లు ఎదురుగా కూర్చుని ఉన్నారు.

"సార్, నేను నాగదుర్గనండి. ఉప్పాడ నుంచండి. జూన్లో ఇంటర్వ్యూకి వచ్చానండి."

"ఆఁ, చెప్పమ్మా."

"మత్స్యశాఖ వాళ్ళ ల్యాబులో కాంట్రాక్టు పోస్టుకి లిస్టులో మొదటి పేరు నాదే వచ్చిందండి. శుక్రవారం ఒరిజినల్స్ తీసుకురమ్మన్నారండి. నాన్నేమో మీ కబురు రాకుండా ఇంకోచోటికి వెళ్ళకూడదంటున్నాడండి. మీరు ఏ సంగతో చెబితే..."

ఫైలు నా మోకాలికి జానెడు దూరంలో ఉంది. "మేం వేరేవాళ్ళని తీసుకున్నామమ్మా, వచ్చి నీ కాయితాలు పట్టుకెళ్ళు" అంటే సరిపోయేది. ఆ మాట అనడానికి నోరు తెరిచాను కూడా. కానీ మూడు నెలల కిందట చెప్పాల్సినది ఇప్పుడు చెబితే, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడుగుతుంది. ఆడిటర్లు వింటున్నారు. నాకు సిగ్గేసింది.

"చూస్తున్నామమ్మా. ఫైలు ఎండీ గారి దగ్గరుంది. ఆయన ఊళ్ళో లేరు. కాస్త ఓపిక పట్టు" అన్నాను.

"అలాగేనండి" అని పెట్టేసింది.

మొహమాటానికి పోతే ఏమవుతుందో మనవాళ్ళు సామెతలో ముతగ్గానే చెప్పారు. ఇక్కడ నా మొహమాటానికి నష్టపోయింది వేరేవాళ్ళు. రేపు ఫోన్ చేసి ఇచ్చేద్దాం అనుకున్నాను. శుక్రవారం దాటిపోయింది. దాటాక ఇంక ఫోన్ చెయ్యడానికి మొహం చెల్లలేదు. దసరా, కార్తీకమాసం, క్రిస్మసు సరుకుల హడావుడి వచ్చాయి. మర్చిపోయానని రాస్తే అబద్ధం. సొరుగు లాగినప్పుడల్లా ఆకుపచ్చ ఫైలు కనబడేది. దాని మీద ఇంకో ఫైలు పెట్టేవాణ్ణి.

ఫిబ్రవరిలో ఆ రైతుగారి మేనల్లుడు నెల్లూరు వైపు ఇంకో కంపెనీకి చెక్కేశాడు. "మూడో నంబరు పిల్ల ఉండాలిగా బాబాయి గారూ, రేపే చేరమనండి" అన్నాడు రవితేజ.

నాకు ప్రాణం లేచొచ్చింది. కాయితాలు తిరిగి ఇవ్వకపోవడమే మంచిదైంది, ఆలస్యమైనా పిల్లకి ఉద్యోగం ఇస్తున్నాం కదా అని నన్ను నేనే మెచ్చుకున్నాను. ఫోన్ చేస్తే స్విచాఫ్ వచ్చింది. సరే, మనమే వెళ్దాం, పెద్దరికంగా ఉంటుందనుకుని ఫైలు పట్టుకుని ఆఫీసు కారెక్కాను. దారిలో ఆపి ఒక స్వీటు బాక్సు కూడా కొన్నాను. ఇది రాయడానికి ఇప్పుడు చెయ్యి రావడం లేదు.

ఉప్పాడ రోడ్డు సముద్రానికి మళ్ళీ కోతపడి ఉంది. రాళ్ళగుట్టల మీదనుంచి నీళ్ళు కారు అద్దాలకి కొట్టాయి. దరఖాస్తులో మూడో వీధి అని రాసి ఉంది. ఎంత వెతికినా మొదటి వీధే కనబడింది. "ముందున్న రెండు వీధులూ సముద్రంలో ఉన్నాయండి, ఇదే మూడోది" అని ఎవరో చెప్పారు.

త్రిమూర్తులు ఇంటి ముందు వల బాగుచేసుకుంటున్నాడు. నన్ను గుర్తుపట్టడానికి ఒక్క క్షణం పట్టింది. అంతే, వల వదిలేసి లేచాడు. లోపలినుంచి కుర్చీ తెచ్చి, భుజం మీది తువ్వాలుతో రెండుసార్లు తుడిచాడు.

"రాజుగారండీ! తమరే వచ్చేరాండీ!" అని, పక్కింటివాళ్ళకి వినబడేలా, "అచ్చిబాబూ! ఇలా రారా! నేనేం చెప్పేను? కాయితాలుంచుకున్న ఓనరు ఊరికే వదిలెయ్యడని చెప్పేనా లేదా?" అని కేకేశాడు.

నలుగురు మూగారు. ఎవరో కూల్‌డ్రింకు సీసా తెచ్చి చేతిలో పెట్టారు. స్వీటు బాక్సు ఇచ్చి, ఉద్యోగం ఖాయమైందని చెప్పాను. త్రిమూర్తులు కళ్ళు తుడుచుకున్నాడు. అప్పుడు చెప్పాడు, వాళ్ళ పద్ధతి.

"వేట నిషేధం అయిపోయే ముందర బోటు ఓనర్లు కళాసీల గుర్తింపు కార్డులు తీసుకుని బోటు ఫైల్లో పెట్టుకుంటారండి. కార్డు ఉంచుకున్నాడంటే ఆ మనిషి ఆ బోటువాడేనండి. ఇంకోడి గడప తొక్కకూడదు. తొక్కితే మళ్ళీ హార్బరులో ఎవడూ పిలవడండి. అక్కర్లేదనుకుంటే ఓనరు కూడా ఆ పూటే కార్డు చేతిలో పెట్టేస్తాడండి, ఉంచుకోడు. పాపం కదండి, మనిషి ఇంకో బోటు చూసుకోవాలి. తమరు పిల్ల కాయితాలు తీసుకున్న వారమే నా కార్డూ మా ఓనరు తీసుకున్నాడండి. ఒకే వారంలో ఇద్దరికీ బోటు దొరికిందని మా ఇంటిదానితో చెప్పేను."

చల్లని సీసా చేతిలో అలాగే ఉండిపోయింది.

"మధ్యలో గవర్నమెంటు ల్యాబు వాళ్ళు పిలిచేరండి. పిల్ల వెళ్తానంది. నేనే వద్దన్నాను. రాజుగారి దగ్గర కాయితాలు పెట్టి ఇంకోచోటికి ఎలా వెళ్తావే, అడుగు ముందు అన్నాను. తమరు ఓపిక పట్టమన్నారంట కదండి. చూశావా, పట్టమన్నారంటే ఉందనేగా అన్నాను. రెండ్రోజులు అన్నం తినలేదండి పిల్ల. ఇవాళ తెలుస్తుంది దానికి, నాన్న చెప్పింది నిజమేనని."

ఆ మనిషి నవ్వుతున్నాడు. నేను ఎటు చూడాలో తెలియక వలకేసి చూశాను. "అమ్మాయి ఎక్కడుందండి? ఫోన్ తియ్యడం లేదు" అన్నాను.

త్రిమూర్తులు విచిత్రంగా చూశాడు. "అదేంటండీ, తమ దగ్గరే కదండి ఉంది! తమ షెడ్డులో రొయ్యలొలుస్తుంది. దసరా ముందు నుంచీ వస్తుందండి. ఇంట్లో కూర్చునేకంటే ఆ గేటులోనే ఉంటే కబురొచ్చినప్పుడు ఎదురుగా ఉంటావు కదా అని నేనే పంపేను. లోపల ఫోన్లు ఆపేయిస్తారంట కదండి. తమరు రోజూ కనబడతారని చెప్తుందండి."

ఎలా లేచానో, ఏం చెప్పి కారెక్కానో గుర్తులేదు. స్వీటు బాక్సు మాత్రం ఆయన చేతిలోనే ఉంది.

మా షెడ్డుకి రోజూ కాంట్రాక్టరు బస్సుల్లో నూటపాతికమంది ఆడవాళ్ళు వస్తారు. తెల్లకోటు, తలకి టోపీ, మొహానికి మాస్కు, కాళ్ళకి రబ్బరు బూట్లు. ఉదయం ఏడుమ్ముప్పావుకి నా గది కిటికీ ముందునుంచే వరసగా లోపలికి వెళ్తారు. నేను ఆ వేళకి కాఫీ తాగుతూ పేపరు చదువుతుంటాను. ఆఫీసుకి రాగానే కాంట్రాక్టరు జాబితాలు తీయించాను. అక్టోబరు నుంచి జనవరి దాకా ప్రతి జాబితాలో, నాగదుర్గ, ఉప్పాడ అని ఉంది. ప్రతి దాని కిందా నా సంతకం ఉంది.

కబురు పెడితే షెడ్డులోంచి వచ్చింది. మాస్కు కిందికి లాగి, చేతి తొడుగులు విప్పింది. గంటలకొద్దీ ఐసులో నాని వేళ్ళు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. గోళ్ళ చుట్టూ చర్మం లేచిపోయింది. కూర్చోమన్నాను, కూర్చోలేదు. బట్టలు తడిగా ఉన్నాయంది.

"ల్యాబులో ఖాళీ వచ్చిందమ్మా. రేపట్నుంచి చేరు. ఎండీ గారు నీ పేరే చెప్పారు" అన్నాను.

"నా కాయితాలు ఉన్నాయాండి?"

ఫైలు ఇచ్చాను. చేతులు కోటుకి తుడుచుకుని, తడి తగలకుండా కొసలు పట్టుకుని ఒక్కొక్కటే చూసుకుంది. పదో తరగతిది, ఇంటర్‌ది, డిగ్రీది, టీసీ. అన్నీ ఉన్నాయని తేలాక ఫైలు మూసి గుండెలకి ఆనించుకుంది.

"నేను రానండి" అంది.

వినబడింది గానీ అర్థం కాలేదు. "ఏమ్మా?"

"కోనపాపపేట దగ్గర రొయ్యపిల్లల్ని పెంచే చిన్న హేచరీలో ల్యాబు పనికి పోయినవారం వెళ్ళానండి. సాయంత్రానికల్లా తీసుకున్నామని చెప్పేశారు. జీతం ఇక్కడికంటే తక్కువేనండి. సోమవారం చేరాలి. కాయితాల కోసం శనివారం మీ దగ్గరికి వద్దామనుకున్నానండి. మీరు నాకోసం ఆగకుండా వేరేవాళ్ళని చూసుకోవాలి కదండి, అందుకే ఇప్పుడే చెప్తున్నాను."

నా వయసులో సగం కూడా లేదు. అంత చిన్న ముక్క అంత తేలిగ్గా చెప్పింది.

"జూన్లోనే చెప్పాల్సిందమ్మా నేను" అన్నాను.

"ఇక్కడ చేరిన మొదటిరోజే తెలిసిందండి, ఇద్దర్నీ జులైలోనే తీసుకున్నారని. క్యాంటీన్లో చెప్పారు."

"మరి నన్నెందుకు అడగలేదు? కాయితాలైనా ఎందుకు తీసుకెళ్ళలేదు?"

"అడిగితే మీరేం చెప్తారండి? చూస్తున్నామమ్మా అంటారు" అంది. మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది. "కాయితాలు ఇంటికి తీసుకెళ్తే నాన్నకి తెలిసిపోతుందండి. రాజుగారు మాటిచ్చారని ఊరంతా చెప్పుకున్నాడు. ఆ గవర్నమెంటు పోస్టుకి వెళ్ళనివ్వంది తనే. తన వల్లే పోయిందని తెలిస్తే తట్టుకోలేడండి. నా వల్ల కాలేదు చెప్పడం."

"ఇవాళ పొద్దున్న మీ ఇంటికి వెళ్ళానమ్మా. మీ నాన్నతో ఉద్యోగం వచ్చిందని చెప్పాను."

నాగదుర్గ మొదటిసారి నాకేసి సూటిగా చూసింది. "ఏమని చెప్పారండి? ఖాళీ ఇప్పుడు వచ్చిందని చెప్పారా, మొదట్నుంచీ నాదేనని చెప్పారా?"

నేను బల్ల మీది జాబితాలు సర్దడం మొదలుపెట్టాను.

"అయితే నాన్నకి మీరే చెప్పాలండి. నేను రానన్నానని కాదు. జూన్లోనే నన్ను వద్దనుకున్నారని."

"సరేనమ్మా. ఫోన్ చేస్తాను."

"ఫోన్లో వద్దండి. మీరు ఫోన్లో చాలా మెత్తగా మాట్లాడతారండి."

రవితేజకి సంగతి చెప్పి, కారు వద్దని, ఐదున్నరకి కాంట్రాక్టరు బస్సెక్కాను. అది శిక్షని కాదు. కారులో ఒక్కణ్ణీ వెళ్తే దారిలో నా నోరు మళ్ళీ మెత్తబడుతుందని భయం వేసింది. డ్రైవరు వెనక సీటు ఖాళీ చేసి ఇచ్చారు. రోజూ ఆ బస్సు మా గేటు దాటేదాకా నవ్వులూ కేకలూ వినబడేవి. ఆవేళ నేనున్నానని ఎవరూ మాట్లాడలేదు. నాగదుర్గ వెనక వరసలో ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏం చెప్పాలో దారి పొడుగునా కూడబలుక్కున్నాను. ఎండీ గారి పద్ధతి అనీ, పని ఒత్తిడి అనీ మొదలయ్యే వాక్యాలే వస్తున్నాయి. ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వచ్చాను.

మేం దిగేసరికి త్రిమూర్తులు నేను తెచ్చిన బాక్సులోంచి వీధివాళ్ళకి తలో ముక్కా పెడుతున్నాడు. తండ్రీకూతుళ్ళూ నేనూ మిగిలేదాకా ఆగి చెప్పాను.

"త్రిమూర్తులు గారూ, జూన్లో మేం మీ అమ్మాయిని తీసుకోలేదండి. వేరే ఇద్దర్ని తీసుకున్నాం. ఆ సంగతి మీకు చెప్పలేదు. సెప్టెంబర్లో అమ్మాయి ఫోన్ చేస్తే అబద్ధం చెప్పాను. ఫైలు అప్పుడు నా దగ్గరే ఉంది. ఆ ఇద్దర్లో ఒకడు మానేశాడని ఇవాళ వచ్చాను. ఓనరు వదలడని మీరు అనుకున్నది నిజం కాదండి."

త్రిమూర్తులు చేతిలో బాక్సుతో నాకేసి చూస్తూనే ఉన్నాడు. మళ్ళీ చెప్పమంటాడేమో అనుకున్నాను. కూతురివైపు తిరిగాడు.

"నీకు తెలుసా?"

"తెలుసు నాన్నా."

"ఎప్పట్నుంచి?"

"దసరా ముందు నుంచి."

ఆయన అరుగు మీద కూర్చున్నాడు. కూతురి చెయ్యి అందుకుని, ఆ వేళ్ళని తిప్పి తిప్పి చూశాడు. రోజూ చూసే వేళ్ళే అయ్యుంటాయి. "నేనే ఆపేనమ్మా నిన్ను" అన్నాడు. "వెళ్తానన్నావు. నేనే ఆపేను."

"పోనీలే నాన్నా. సోమవారం వేరేచోట చేరుతున్నాను. రా లోపలికి."

ఆయన లేవలేదు. నన్ను తిట్టాలి. నలుగుర్నీ పిలిచి, వీడేనర్రా మన పిల్ల నోటికాడి కూడు తీసినవాడు అనాలి. నేనందుకు సిద్ధపడే వచ్చాను. ఆయన నాకోసం మళ్ళీ కుర్చీ తీసుకురమ్మని కూతురికి చెప్పాడు. నేను వద్దన్నాను.

"ఒక్క మాటండి, రాజుగారూ" అన్నాడు చివరికి. "తమరు చదువుకున్నవారు. ఏమీ అనుకోకండి. నాకు తెలియక అడుగుతున్నాను. పిల్ల అక్కర్లేదనుకున్నాక ఆ కాయితాలు తమరెందుకుంచుకున్నారండి?"

దెప్పిపొడవడానికి అడిగింది కాదు. దానికేదో కారణం ఉండే ఉంటుందని, అంత పెద్దమనిషి ఊరికే ఉంచుకోడని ఆయన ఇంకా నమ్ముతున్నాడు. ఆ కారణమేదో చెబితే విని ఊరుకుందామని నా మొహంకేసే చూస్తున్నాడు.

"ఊరికేనండి" అన్నాను.